నోటుపుస్తకంలో సున్నా

ముప్పై ఏళ్లు అచ్చు యంత్రాల మధ్య పనిచేసిన పెద్దాయనకి ఆ ఉద్యోగం మిగిల్చింది ఎడమ చెవిలో పదకొండేళ్లుగా ఆగని ఈల. ఇలాంటి చెవి మోతల మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఆయనకొక నోటుపుస్తకం ఇచ్చింది. రోజూ పడుకునే ముందు మోత పదికి ఎంతో, మనసెలా ఉందో అందులో రాయాలి. "మోత ఏడు, మనసు చిరాకు" అని రాసీ రాసీ ఆయనకి విసుగెత్తింది.

ఆ రాత్రి పెన్ను చేతిలోకి తీసుకునేసరికి ఈల లేదు. చెవి రుద్దుకున్నాడు. మంచం కోడు మీద తట్టి చూశాడు. తట్టిన చప్పుడు చక్కగా వినపడింది, ఈల మాత్రం లేదు. పదకొండేళ్ల తర్వాత ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలిసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "మోత సున్నా, మనసు హాయి" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి లైటు ఆర్పాడు.

పక్కన భార్య కదిలింది. వినికిడి మిషను తీసేస్తే ఆవిడకి పిడుగు పడ్డా వినపడదు. ఆ మిషను ఇప్పుడు బల్ల మీద డబ్బాలో ఉంది.

"ఏమండీ, ఇన్నాళ్లూ మీరు ఈల ఈల అని విసుక్కున్నది దీన్నేనా?" అంది ఆవిడ, చీకట్లో మురిసిపోతూ. "ఎంత బావుందో. ఈల కాదండీ, ఎవరో కూనిరాగం తీస్తున్నారు. మధ్యమధ్యలో ఊపిరి కూడా పీల్చుకుంటున్నారు."