బొట్టు పెట్టిన డిస్కు

తనిఖీ అధికారి అంబాదాస్ మెట్లెక్కి వస్తున్నాడు. లోపల కిషన్‌రావు కంప్యూటర్ దసరా నుంచి కన్ను తెరవడం లేదు.

నాందేడ్ వజీరాబాద్‌లో, బట్టల దుకాణం పైన, కిషన్‌రావుది మరాఠ్వాడాకే వెలుగు చూపే కంప్యూటర్ విద్యాలయం. 1988లో బోర్డు మీద అలాగే రాయించాడు. ఆ వెలుగుకు ఉన్నది ఒకే కంప్యూటర్. దాన్ని నిద్ర లేపడానికి ఉన్నది ఒకే డిస్కు. డిస్కుకు నకలు తీసి పెట్టుకోవాలని మూడో పాఠంలో గొంతు చించుకుని చెబుతాడు. తాను మాత్రం తీయలేదు. గురువులకు అంత తీరిక ఎక్కడిది?

ఖండేనవమి నాడు ఆయుధపూజ చేశారు. భార్య అనుసూయాబాయి డిస్కును పీట మీద పెట్టింది. నల్లటి అట్టకు చిన్న కిటికీలాంటి సందు కనిపించింది. యంత్రం డిస్కును చదివేది ఆ సందులోంచే. బొట్టుకు అంతకన్నా మంచి చోటు లేదనుకుని అక్కడే తడి కుంకుమ దిద్దింది. కిషన్‌రావు భక్తిగా కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు కూడా చల్లాడు. మర్నాడు డిస్కును తుడిచి ఎండబెట్టాడు. లాభం లేకపోయింది.

ఇవాళ ప్రభుత్వ గుర్తింపు రాకపోతే విద్యాలయం మూతే. పిల్లల డిప్లొమాలు చిత్తుకాగితాలు. ఆయన కుండల్‌వాడికి పోయి బావమరిది దుకాణంలో జొన్నలు తూచాల్సిందే. పైగా జిల్లా మొత్తం మీద కంప్యూటర్లు తెలిసిన అధికారి ఈ అంబాదాస్ ఒక్కడేనని పేరు.

"మాది బిలోలి దిక్కే సార్. మీరు గూడ తెలుగోళ్లేనట గద?" కిషన్‌రావు మాట కలిపాడు.

అధికారి కరగలేదు. మొదలుపెట్టమని మరాఠీలోనే చెప్పాడు. "సురూ కరా."

"ముందుగాల పాఠం ఇనుండ్రి సార్. చంద్రభాగా, చెప్పమ్మా!"

విద్యార్థిని చంద్రభాగ కళ్లు మూసుకుని అప్పజెప్పింది. కరెంటు రాగానే యంత్రం తన జ్ఞాపకశక్తిని తానే లెక్కపెట్టుకుంటుంది. తర్వాత డిస్కులో వెతుకుతుంది. అక్కడ కంటికి కనబడని ఫైళ్లు రెండు. వాటి వెనక కమాండ్ డాట్ కామ్. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పాపం, ఆ పిల్ల ఇంతవరకు ఒక్క మీటైనా నొక్కి ఎరగదు.

"సురూ కరా," అన్నాడు అధికారి మళ్లీ.

ఇక తప్పలేదు. కిషన్‌రావు స్విచ్చి వేశాడు. యంత్రం కుయ్యిమంది. డిస్కు గరగరలాడింది. తెర మీద ఇంగ్లీషులో రెండు వరుసలు పడ్డాయి. ఇది పనికొచ్చే డిస్కు కాదట, మార్చాలట, రెడీ అయ్యాక ఏదో ఒక మీట నొక్కాలట. చివరి మాట 'రెడీ'. కిషన్‌రావు సరిగ్గా దాని మీదే వేలు పెట్టాడు.

"చూసిన్రా సార్, రెడీ అంటున్నది! ఏ మీట నొక్కినా జవాబు చెప్తది. నొక్కుండ్రి!"

అంబాదాస్ నొక్కాడు. గరగర. మళ్లీ అవే వరుసలు. ఇంకోటి నొక్కాడు. అవే. కళ్లద్దాలు సవరించుకుని తెర దగ్గరికి వంగాడు. ఒక్కో అక్షరాన్ని పరీక్షగా చదివాడు.

అధికారి సంతకం పెట్టి ముద్ర గుద్దాడు. గుర్తింపు వచ్చేసింది! అంత తెలిసినవాణ్ని ఇంత సులువుగా బుట్టలో వేసినందుకు కిషన్‌రావుకు తన మీద తనకే గౌరవం పెరిగింది.

మెట్ల దగ్గర అంబాదాస్ ఆగాడు. అటూ ఇటూ చూసి, మొదటిసారి తెలుగులో, ఆయన చెవి దగ్గర అన్నాడు:

"మా ఆఫీసుల మిషన్ గూడ రెండేండ్ల సంది గివే అక్షరాలు సూపెడుతున్నది సార్, ఖరాబైందనుకొని ఉత్తగ బట్ట కప్పి పెట్టినం!"