ఎర్త్ గుంత

“ఏం పెద్దాయనా, చెప్పులు బయట ఇడిచి రా! బోర్డు కనపడలేదా?”

శ్రీకాంత్ గట్టిగానే విసుక్కున్నాడు. అసలే రెండు రోజులుగా అతని తల వేడెక్కి ఉంది.

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన చెప్పులు విప్పలేదు.

“రోడ్డు మీద పోతాంటే సద్దు ఇనపడింది. యాదో ఫ్యాన్ బుష్ ఎండిపోయిండాది,” అన్నాడు.

అనంతపురం పాతూరులో శ్రీకాంత్ పెట్టుకున్న గేమ్ సెంటర్ అది. ఎనిమిది కంప్యూటర్లు. ఎండాకాలం సెలవులు గనుక పొద్దున్నుంచీ పిల్లలే పిల్లలు. పక్కన చెనిక్కాయల మిల్లు, దాని దుమ్ము. అందుకే చెప్పులు విడిచి, గుడిలోకి వచ్చినట్టు రావాలని అతని నియమం.

మూడో నంబరు కంప్యూటరు అన్నిటికంటే పెద్దది. పెద్ద గేములు దాని మీదే ఆడాలి. దాని పవర్ సప్లై ఫ్యానే గరగరమని మొదలుపెట్టింది. శ్రీకాంత్ దుమ్ము ఊదాడు. స్క్రూలు బిగించాడు. వైరేదైనా తగులుతోందేమోనని పక్కకు కట్టి చూశాడు. గరగర తగ్గలేదు.

పైగా అతని పదకొండేళ్ళ కూతురు నందిని ఇంకో ఫిర్యాదు తెచ్చింది.

“నాయనా, కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే జుమ్మంటాంది.”

“ఫ్యాన్ బాగైతే అదీ పోతాది లేమ్మా,” అన్నాడు. రెండూ ఒకటే జబ్బని అతని నమ్మకం.

ముసలాయన పేరు అబ్దుల్ గఫూర్. యాడికి అనే ఊరి చుట్టుపక్కల పల్లెల్లో నలభై ఏళ్ళు బోరు మోటర్లు బాగుచేశాడు. బోర్లు ఎండిపోయాక చేతిలో పని కూడా పోయింది. ఇప్పుడు మిల్లు వెనక వీధిలో ఉంటున్నాడు.

ఆయన ప్లగ్గు పీకించి, కాసేపు ఆగి, ఫ్యాన్ బయటికి తీయించాడు. నడిమధ్య స్టిక్కరును గోటితో లేపి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాడు. వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

మళ్ళీ బిగించి ఆన్ చేస్తే, ఫ్యాన్ ఉందా లేదా అన్నట్టు తిరిగింది.

శ్రీకాంత్ ముఖం వికసించింది.

గఫూర్ మాత్రం చేతి వెనకవైపుతో డబ్బాను తాకి, చటుక్కున తీసేసుకున్నాడు.

“సద్దు పోయింది గానీ రోగం పోలేదప్పా. డబ్బాకు కరెంటు దిగుతాండాది. మీ ఎర్త్ గుంత యాడుండాది?”

షాపు వెనక ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చి, పైకి ఒక గొట్టం వదిలిన గుంత. కరెంటు ఎక్కడైనా లీకైతే మనిషిని పట్టకుండా భూమిలోకి పోయే దారి అది. మట్టి తడిగా ఉంటేనే ఆ దారి పనిచేస్తుంది. అక్కడ చూస్తే నేల నెర్రెలిచ్చి ఉంది.

“దీనికి దినమూ నీళ్ళు పోయల్ల. పిల్లోళ్ళను చెప్పులేసుకోనీ.”

శ్రీకాంత్ నవ్వాడు. “తాగేకే లేవు పెద్దాయనా. ట్యాంకరొస్తే ఇంటికి రెండే బిందెలు. గుంతకు పోయల్లంటే యాడ తెచ్చేది?”

గఫూర్ నెర్రెల వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి నందిని కూడా జుమ్మంటోందని అనలేదు. తప్పంతా ఫ్యాన్‌దేనని తాను ముందే కనిపెట్టినందుకు శ్రీకాంత్ తనను తానే మెచ్చుకున్నాడు.

ఇరవై రోజులు గడిచాయి.

ఒక పొద్దున శ్రీకాంత్ భార్య రేఖ ట్యాంకరు దగ్గర గంటసేపు నిలబడి, ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఆమె ముఖం చూడలేక అతను షాపు వెనక్కి వెళ్ళాడు. అక్కడ గఫూర్ బిందె వంచి గొట్టంలో నీళ్ళు పోస్తున్నాడు.

అతనికి ఒళ్ళు మండిపోయింది.

“బుద్ధుండాదా నీకు? జనం గొంతు తడుపుకునేకి లేక సస్తాంటే, మట్టికి పోస్తాండావా?”

గఫూర్ బిందె చంకనెత్తుకున్నాడు. అరచేతులకూ ముఖానికీ ఎర్రమట్టి అంటి ఉంది.

“నీళ్ళు పారబోస్తావు గానీ ముఖం కడుక్కునేది తెలీదు నీకు. మళ్ళా ఈ పక్క రావొద్దు!”

“రానులేప్పా. నువ్వన్నా పొయ్యి. పాప వొట్టి కాళ్ళతో కూర్చుంటాది.”

శ్రీకాంత్ పోయలేదు.

ఆ తర్వాత పదో రోజు మూడో నంబరు దగ్గర నందిని కెవ్వుమంది. చెయ్యి డబ్బాకు అతుక్కుపోయింది. శ్రీకాంత్ పరుగున వెళ్ళి మెయిన్ ఆపేసరికి పిల్ల నేల మీద పడిపోయింది. ఆసుపత్రిలో మూడు గంటల తర్వాత ఆమె కళ్ళు తెరిచి “నాయనా” అనేదాకా అతను మనిషి కాలేదు.

ఎలక్ట్రీషియన్ వెంకటరాముడు వచ్చి గుంత తవ్వి చూశాడు.

“పైనంతా ఎండిపోయినాది. అడుగున మాత్రం ఇంకా రవంత చెమ్మ ఉండాది. ఎవురో మొన్న మొన్నటిదాకా నీళ్ళు పోసినారన్నా. ఆ చెమ్మ కూడా లేకుంటే పాప దక్కేది కాదు.”

శ్రీకాంత్ చెప్పుల బోర్డు పీకి అవతల పడేశాడు. ఆ రోజు ఇంటికి వచ్చిన రెండు బిందెల్లో ఒకటి భుజాన పెట్టుకుని, మిల్లు వెనక వీధిలో గఫూర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

తలుపు దగ్గర ఆయన భార్య రోషన్ బీ కూర్చుని ఉంది.

“ఆయన పోయి నాలుగు దినాలైంది బిడ్డా. వడదెబ్బ.”

శ్రీకాంత్ బిందె దించాడు.

“మా పాపను బతికించినాడమ్మా. అన్ని నీళ్ళు ఆయనకు యాడివి?”

రోషన్ బీ గోడ వారగా ఉన్న మట్టి మూకుడు వైపు చూసింది. అందులో పొడి ఎర్రమట్టి ఉంది.

“మాకూ రెండు బిందెలే బిడ్డా. ఒకటి తాగేకి, ఒకటి నమాజుకు ముందర ఆయన కాళ్ళూ చేతులూ ముఖం కడుక్కునేకి. ఆ రెండోది మీ గుంతకు పోసొచ్చి, ఇరవై దినాలు ఆయన ఈ మట్టి అద్దుకోని నమాజు చేసినాడు.”