పెండ్లి పత్రికల ఫాంటు

దామోదర్ కోపంగా మౌసును బల్లకేసి కొట్టాడు.

సమ్మె వెబ్‌సైటు ఎట్లా కనబడాలో తాను గీసిన బొమ్మ ముద్దుగానే ఉంది. ఆ బొమ్మను వెబ్‌సైటు కోడ్‌గా మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తగా తెచ్చుకున్నాడు. తీరా మార్చి చూస్తే, తెలుగు ముక్కల చోట పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. జనగామలో బస్సుల్లేవు, రైళ్లు ఎక్కడివక్కడే ఆగాయి.

సమ్మె కమిటీ పెద్ద రాజేశం పొద్దున్నే చెప్పిపోయాడు.

“అయిదు గొట్టేవరకు మన సైటు కనవడాలె దామోదర్. లేకుంటె పట్నం కంపెనీకి ఇస్తం.”

పెండ్లి పత్రికలు, కరపత్రాలు తయారుచేసుకునే దామోదర్‌కు ఇది మొదటి వెబ్‌సైటు. చేజారితే మళ్లీ పత్రికలే గతి.

“అన్నా, జర మంచినీళ్లున్నయా?”

గుమ్మంలో దుమ్ము కొట్టుకుపోయిన మనిషి. భుజాన గుడ్డ సంచి.

“ఏ ఊరు?”

“కొత్తగూడ కాడ తండా అన్నా. రైలు ఈడనే ఆపిండ్రు.”

నీళ్లు తాగి, అతడు తెరవైపు చూసి నవ్వాడు.

“సాఫ్ట్‌వేర్ది తప్పు గాదన్నా. నువ్వు పెండ్లి పత్రికల ఫాంటుల కొట్టినవు. గది నీ కంప్యూటర్లనే తెలుగు. అన్ని కంప్యూటర్లల తెలుగుగనే కనవడే యూనికోడ్‌ల కొట్టు, నిమిషంల అయితది.”

దామోదర్‌కు ఒళ్లు మండింది.

“పదిహేనేండ్ల సంది గిదే ఫాంటు. తండా నుంచి వచ్చి నాకు నేర్పుతవా?”

“జర కూసోనియ్యి, చేసి సూపిస్త.”

“కంప్యూటర్ అంటె మక్క చేను గాదు. నీళ్లు తాగినవు కద, నడువు.”

అతడు గ్లాసు కడిగి బోర్లించి, ఎండలోకి వెళ్లిపోయాడు.

మన యాసను ఎక్కిరిస్తరా అని నిన్ననే దీక్షా శిబిరంలో గొంతు చించుకున్న దామోదర్‌కు, తాను చేసిందీ అదే అని తట్టలేదు.

అయిదింటికి రాజేశం వచ్చాడు. తెర చూశాడు. పట్నం కంపెనీకి ఫోన్ కలుపుకుంటూ వెళ్లిపోయాడు.

దామోదర్‌కు ఏడుపొచ్చింది. ఆ ఉక్రోషంలో సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాడు.

“జనగామ నుంచి మాట్లాడుతున్న. గిదేం సాఫ్ట్‌వేర్? దీంట్ల తెలుగే వస్తలేదు!”

“అక్షరాలు యూనికోడ్‌లో కొట్టారా సార్?” అవతలి అమ్మాయి నెమ్మదిగా అడిగింది.

దామోదర్ చూపు బోర్లించిన గ్లాసు మీద పడింది.

“గీ ముచ్చట కొత్తగూడ కాడి తండా మనిషికి ఎట్ల ఎరుక?”

“మా సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిందే అమర్‌సింగ్ సారు కదండీ, కొత్తగూడ దగ్గర తండాకు వెళ్తుంటే, రైలాపేసి మీ జనగామలోనే దింపేశారని పొద్దున ఫోన్ చేశారు.”