మామగారు దిద్దిన దరఖాస్తు

హాజరైనవారు, కూర్చున్న వరుసలో: కంప్యూటరు ముందు మామగారు, విశ్రాంత ఆంగ్లోపాధ్యాయులు, ఆయన పక్కన స్టూలు మీద కోడలు, కిటికీ దగ్గర బీన్స్ తుంచుతూ అత్తగారు.

ఆరేళ్ల విరామం తరువాత కోడలికి మళ్లీ ఉద్యోగంలో చేరే అవకాశం వచ్చింది. మ్యూజియంలో కేటలాగు సహాయకురాలి పోస్టు. దరఖాస్తుకు గడువు ఆ మధ్యాహ్నం పన్నెండు గంటలు.

జవాబులు ఆమే రాసుకుంది. వాటిని ముప్పై గడుల్లో నింపి పంపే పని ఏఐ సహాయకుడికి అప్పగించింది. అది బ్రౌజరును తానే తెరుస్తుంది, బటన్లు తానే నొక్కుతుంది. ఏ భాషలో చెప్పినా వింటుంది. పదిన్నరకల్లా అన్నీ నింపి, "పంపమంటారా?" అని అడిగింది.

"ఆగమను," అన్నారు మామగారు. "నేను చూడనిదే ఈ ఇంటి నుంచి ఇంగ్లీషు గడప దాటదు."

మొదటి గడిలోనే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"'ఐ యామ్ హ్యావింగ్ టూ డిప్లొమాస్.' ఏమిటమ్మా ఇది? డిప్లొమాలు నీ దగ్గరున్నాయా, ఇప్పుడే ఆరగిస్తున్నావా?"

"ఉన్నాయి మామయ్యగారూ. 'హ్యావ్' అని మార్చి పంపేద్దాం."

"మారిస్తే చాలదు. ఎందుకు మార్చామో నీకు తెలియాలి."

తెలియజెప్పడానికి పావుగంట పట్టింది. ఏడో గడిలో 'డిడ్ నాట్ వెంట్' దొరికింది. దానికి ఇరవై నిమిషాలు.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి," అంది కోడలు.

"చూడనీవే. ఆయన చెయ్యి పడితే మంచిదే కదా," అన్నారు అత్తగారు, తల ఎత్తకుండా.

పన్నెండుకు రెండు నిమిషాలు. పందొమ్మిదో గడి.

"మామయ్యగారూ, మీకు దండం పెడతాను. తప్పులతోనే పోనివ్వండి."

"ఒక్క క్రియ," అన్నారాయన వేలెత్తి.

ఆ క్రియ తేలేలోగా తెర మీద 'గడువు ముగిసింది' అని వచ్చింది.

మామగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోలేదు.

"పొరపాటు నాదేనమ్మా," అన్నారు.

ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయన నోట ఆ మాట విన్నవారు లేరు.

"హమ్మయ్య, ఇది వినాలనే ఇంతసేపూ కూర్చున్నాను," అన్నారు అత్తగారు.

పన్నెండుకు అయిదు నిమిషాలు ఉన్నాయనగా, దిద్దినది దిద్దినట్టు, దిద్దనిది దిద్దనట్టు, ఎవరినీ అడగకుండా వేరే పేజీలోంచి దరఖాస్తు పంపెయ్యమని ఉదయమే ఆ సహాయకుడికి చక్కని తెలుగులో చెప్పి ఉంచి, గడువులోగా చేరేలా చేసిన అత్తగారి కార్యాన్ని ఇందుమూలంగా కృతజ్ఞతతో నమోదు చేయడమైనది.