సొరంగం మలుపు

ఏటికి వరదొచ్చి గట్టుమీది బొరియలన్నీ కొట్టుకుపోయాయి. నిలువనీడ లేకుండా పోయినవాళ్లందరికీ మెరక దిబ్బలో ఇళ్లు తవ్విపెట్టే పని పందికొక్కు నెత్తికెత్తుకుంది. తవ్వడంలో అది దిట్ట. తలా ఒక గది తవ్వి, అందరూ కలిసి కూర్చుంటారని సొరంగం చివర పెద్ద చావడి కూడా తీర్చింది.

పది రోజులైనా చావడిలో ఎవరూ అడుగుపెట్టలేదు.

"ఒళ్లు హూనం చేసుకుని తవ్వాను. వీళ్లకు ఇరుగుపొరుగు అక్కర్లేదు అవ్వా" అని పందికొక్కు పక్కగది తాబేలుతో వాపోయింది.

"అక్కర్లేకపోతే పొద్దున్నే సొరంగం మలుపులో అంత రద్దీ దేనికే? నాకు దారి దొరకడం లేదు" అంది తాబేలవ్వ.

పందికొక్కు వెళ్లి చూసింది. గాలికోసం పైన పెట్టిన కన్నంలోంచి ఆ ఇరుకు మలుపులో ఎండ పడుతోంది. కుందేలు తన పిల్లల్ని పక్కన పెట్టుకుని ఎండ కాచుకుంటోంది. ముళ్లపంది గోడకు ఒదిగి నిలబడి, వరదలో పోయిన తన ఇంటి సంగతి చెప్పుకుంటోంది.

"చావడిలో అంత చోటుంటే ఇక్కడెందుకు?" అంది పందికొక్కు.

"అక్కడికి పనిగట్టుకుని వెళ్లాలక్కా. ఇక్కడైతే వస్తూపోతూ కలుస్తాం" అంది కుందేలు.

పందికొక్కు మనసు చివుక్కుమంది. కాసేపటికి నవ్వూ వచ్చింది. అందరినీ కాస్త జరగమని మలుపు గోడను గోకడం మొదలెట్టింది. మట్టి మొయ్యమని అది ఎవరినీ అడగలేదు. అడక్కుండానే కుందేలు ఒక దోసిలి ఎత్తింది, వెనకే ముళ్లపంది అందుకుంది. సాయంత్రానికి అక్కడ నలుగురు కాళ్లు చాపుకుని కబుర్లాడుకునేంత చోటు వచ్చింది.