కట్టు ఎడమ చేతికి

ఆ పొద్దున ఆకాశం మబ్బు కప్పుకుంది కానీ ఒక్క చినుకూ రాల్చలేదు. గాలి మాత్రం బంగారు గని సైనైడ్ దిబ్బల మీదుగా వీచి, తెల్లటి దుమ్మును తెచ్చి మైను కార్మికుల లైన్ ఇళ్ళ ముందు పోస్తోంది.

అంజినప్ప వాకిట్లో గోనెపట్టా పరిచి, పాత బుల్లెట్ బండికి స్టాండు వేసి, క్లచ్ వైరు మార్చడానికి కూర్చున్నాడు. ఆదివారం వస్తే ఆయనకు అదే పని. డెబ్బై దగ్గర పడ్డా బండిని మెకానిక్ చేతికి ఇవ్వడు.

భార్య మునిలక్ష్మమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చూపు ఆయన చేతుల మీదే ఉంది.

ఇవాళ కూడా ఏదో ఒక గాయం అవుతుంది. అయ్యాక ఎక్కడికి పోతాడో ఆమెకు తెలుసు.

పోయిన వారం చైనులో గోరు నలగ్గొట్టుకున్నాడు. అంతకుముందు వేడి సైలెన్సర్ మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె అరిచేదాకా తియ్యలేదు. తెలిసీ తెలిసీ ఎవరైనా అట్లా కాల్చుకుంటారా? ఇరవై ఏళ్ళు భూమి అడుగున డ్రిల్లు పట్టి రాయి తొలిచిన మనిషి. అప్పుడు ఒంటి మీద చిన్న గాటు లేకుండా ఇంటికి వచ్చేవాడు. ఇప్పుడు వాకిట్లో స్పానరు పట్టుకుంటే వారానికొక గాయమా?

ఇదివరకు దెబ్బ తగిలితే ఆమె కాఫీ పొడి అద్ది, పాత చీర పేలికతో కట్టేది. ఇప్పుడు ఆమెను దగ్గరికి రానివ్వడు. నేరుగా వెనక వీధిలోని నాగరత్న దగ్గరికి పోతాడు.

నాగరత్న ఒకప్పుడు నర్సు. భర్త పోయాక ఇంటి దగ్గరే కట్లు కడుతుంది, సూదులు వేస్తుంది. యాభై దాటినా ఇస్త్రీ చీర కట్టందే బయటికి రాదు. ఆ చీరలంటేనే మునిలక్ష్మమ్మకు మంట. నిన్న కొళాయి దగ్గర పక్కింటి పిల్లమ్మ ఆ మంటలో కిరసనాయిలు పోసింది.

"మీ ఆయనకు మందు కంటే నాగరత్న చెయ్యే బాగా పనిచేస్తాది గదక్కా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మునిలక్ష్మమ్మ బిందె సగం నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది.

వాకిట్లో తెగిన వైరు పోగు ఒకటి అంజినప్ప ఎడమ బొటనవేలిని చీల్చింది. రక్తం పెట్రోలు ట్యాంకు మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఆయన నట్టు బిగిస్తూనే ఉన్నాడు. ఎంత బాగా నటిస్తున్నాడు అనుకుంది మునిలక్ష్మమ్మ.

"రక్తం కారతా ఉండాది" అంది.

ఆయన వేలిని పైకెత్తి, ఎవరిదో అన్నట్టు చూశాడు. లేచి, వేలికి గుడ్డ చుట్టుకుని, చొక్కా వేసుకున్నాడు. అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నాడు.

"యాడికి?"

"కట్టు కట్టించుకోని వస్తా."

"నేను కట్టలేనా?"

"నీకు కండ్లు సరిగా కనబడవు. ఊరికే ఉండు."

"ఆమెకు కండ్లు బాగా కనబడతాయనా, నువ్వు తల దువ్వుకోని పోయేది?"

అంజినప్ప చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆమె చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెనకే వెళ్ళింది. నాగరత్న ఇంటి కిటికీ ఒకటి సందులోకి తెరిచి ఉంది. దాని పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

లోపల కట్టు కట్టడం అయిపోయింది. ఎడమ బొటనవేలు తెల్లగా మెరుస్తోంది. ఇంక లేచి రావచ్చు. ఆయన లేవలేదు. కుడి చెయ్యి చాపాడు.

గాయం ఎడమ చేతికి అయితే కుడి చేతితో ఆమెకేం పని?

నాగరత్న వీపు సగం అడ్డంగా ఉంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలినే పట్టుకుంటూ, మెల్లగా ఏదో అడుగుతోంది. అంజినప్ప కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. చిటికెన వేలు దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో మునిలక్ష్మమ్మ చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ ముఖం అట్లా ఎప్పుడూ వెలగలేదు.

"ఇంట్లో ఆమెకు చెప్పినావా?" అని అడిగింది నాగరత్న.

"ఇంగా లేదు. తెలిస్తే బండి తాళం తీసుకోనిపోయి బావిలో యేస్తాది."

ఇద్దరూ నవ్వారు. నాగరత్న మళ్ళీ ఆ చేతిని దగ్గరికి లాక్కుంది.

మునిలక్ష్మమ్మ ఇంకేమీ వినలేదు. ఇంటికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఎసరు పెట్టింది. రాగి పిండి పోసింది. పిల్లమ్మ నవ్వునూ, నాగరత్న ఇస్త్రీ చీరనూ, ఆ కుడి చేతినీ కలిపి సంగటి కెలికింది.

అంజినప్ప వచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

రోజూ అయితే ఆమె ముద్దను తడి చేత్తో చుట్టి, కాసేపు ఆరనిచ్చి పెడుతుంది. ఇవాళ పొయ్యి మీది కుండలోంచి తెడ్డుతో తీసి నేరుగా కంచంలో వేసింది. కాలనీ అనుకుంది. కాలితే అబ్బా అని ఒక్కసారైనా నా ముందు అంటాడు.

తనకూ అట్లాగే వేసుకుని ఎదురుగా కూర్చుంది. ఆమె వేలికొన సంగటికి తగలగానే చురుక్కుమంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంజినప్ప కుడి చేతి వేళ్ళన్నీ పొగలు కక్కుతున్న ముద్దలోకి దించి, తాపీగా పిసుకుతూ, అది వేడిగా ఉందో ఆరిపోయిందో తెలుసుకోవడానికి ఆమె ముఖంలోకి చూశాడు.