ఆర్నెల్ల మాస్టారు

"విజిల్ పెట్టావా?"

"పెట్టాను."

"స్టాప్‌వాచీ?"

"పక్క అరలో ఉంది. దాని కింద బ్యాండేజీలు. వెతుక్కుంటూ బ్యాగంతా కుమ్మరించకండి మళ్ళీ."

భార్య బ్యాగు సర్దుతుంటే ఆటల మాస్టారు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. హైస్కూలు ఆడపిల్లల వాలీబాల్ జట్టును తీసుకుని మూడు రోజుల టోర్నమెంటుకు బయలుదేరాలి. అంచున పంటిగాట్లున్న ఆ పాత ఇత్తడి విజిల్‌ను ఆమె మళ్ళీ బయటికి తీసి, అరచేత్తో తుడిచి లోపల పెట్టింది.

"ఆ ఎడమచేతి వాటం పిల్లను మొదటి సెట్లో ముందుకు పంపకండి. మడమ వాచింది. మీరడిగితే లేదనే అంటుంది."

"నీకెవరు చెప్పారు?"

"నిన్న మన వీధిలోంచే వెళ్ళింది. నడక చూస్తే తెలీదూ?"

చివరగా నోటుబుక్కు పెట్టింది. ఏ జట్టుతో ఎలా ఆడాలో బొమ్మలు గీసి మరీ రాసింది. అట్ట మీద మాత్రం అతని పేరే ఉంటుంది. ఆటల మాస్టారితో ఇన్నేళ్ళు కాపురం చేస్తే గోడకైనా ఆట వస్తుందని చుట్టాలు నవ్వేవారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

"ఈసారి నేనూ రానా? ఎక్కడో వెనక వరసలో కూర్చుంటాను."

"అమ్మాయికి పద్దెనిమిది నిండాయో లేదో, పైచదువు పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఇంకో ఆర్నెల్లు ఆగు."

"ఆర్నెల్లా!" ఆమె నవ్వుతూ జిప్పు లాగింది. "మీ ఆర్నెల్లు నాకు తెలీనివా ఏంటి!"

అతను చూపు తిప్పుకుని బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

స్కూలు ముందు బస్సు సిద్ధంగా ఉంది. వరండాలో ముసలి గుమాస్తా ఎదురొచ్చాడు.

"రండి రండి, ఆర్నెల్ల మాస్టారూ! జిల్లా విద్యాధికారిణిగారు మీ కోసమే కూర్చున్నారు. అదృష్టం తలుపు తట్టేలాగుంది."

ఆ పేరు పెట్టింది గుమాస్తానే. ఎవరో సెలవు పెడితే వాళ్ళ చోట ఆరు నెలలకని వచ్చిన మనిషి, పద్దెనిమిదేళ్ళుగా కుర్చీకి బంకలా అతుక్కుపోయాడని.

లోపల అధికారిణి చెయ్యి చాచింది. "మీ నోటుబుక్కు గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు. ఏదీ, చూడనివ్వండి." నాలుగు పేజీలు తిప్పింది. "అబ్బ, ముత్యాల్లాంటి రాత. మీదేనా?"

"ఆఁ."

వెనకే వచ్చి పక్క బల్ల దగ్గర రిజిస్టరు రాస్తున్న గుమాస్తా కలం ఆగింది. మాస్టారి చెవులు వేడెక్కాయి.

"మన జిల్లాలో ఇరవై రెండు హైస్కూళ్ళు. గ్రౌండులో చూస్తే సగం మంది ఆడపిల్లలు. ఆటల బాధ్యత చూసే ఇరవై ఇద్దరూ మగవాళ్ళే. ఎందుకంటారు?"

"ఆడవాళ్ళెవరూ ముందుకు రారండీ."

ఆ మాట ఎన్ని మీటింగుల్లో అన్నాడో! ఎప్పుడూ నాలుక తడబడలేదు. ఇవాళ తడబడింది.

"సరే. మిమ్మల్ని జిల్లా మొత్తానికీ ఆటల అధికారిని చేద్దామనుకుంటున్నాను. మీ చోట మాత్రం ఒక ఆడమనిషినే వేస్తాను. మీ ఎరికలో ఉంటే ఒక్క పేరు చెప్పండి."

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే నోటుబుక్కు ఎవరిదో కూడా చెప్పాలి. ఆ తర్వాత జిల్లా కుర్చీ ఉంటుందో ఊడుతుందో. భుజాన బ్యాగు ఎన్నడూ లేనంత బరువుగా తోచింది.

"ఎవరూ... లేరండీ."

"పోనీ, మీకు ముందు ఇక్కడ ఎవరుండేవారు?"

"ఒక టీచరు ఉండేవారండీ."

"ఆడ టీచరా?"

"అవునండీ. ఆర్నెల్లు సెలవు పెట్టి వెళ్ళారు."

"మరి, తిరిగి రాలేదా?"

గుమాస్తా తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణమే. మళ్ళీ రిజిస్టరు మీదికి వంగిపోయాడు. బయట పిల్లలు "మాస్టారూ, టైమైపోయింది" అని అరుస్తున్నారు. అతను గ్లాసెడు నీళ్ళు గటగటా తాగాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట, జూన్ పన్నెండున ప్రసవానికి సెలవు పెట్టి వెళ్ళిన ఆ టీచరు, అతని భార్య, మళ్ళీ బడికి తిరిగి రాలేదు.